పాటగాడు చదువుకు వెళ్లిన బ్యాండు

1996 ఆగస్టులో, బాపట్ల వ్యవసాయ కళాశాలలో డిగ్రీ ముగించుకుని, రెండు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కరు, మూడు పొరల ప్లాస్టిక్ సంచుల్లో చుట్టిన ఆవకాయ సీసాతో నేను కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్‌లో దిగాను. మా అపార్టుమెంటులో ఉన్న నలుగురం తెలుగువాళ్లమే. నలుగురమూ విశ్వవిద్యాలయపు భోజనశాలలో గంటల లెక్కన పనిచేసేవాళ్లం. నాకు దక్కింది గిన్నెలు కడిగే గది. పళ్లేలూ ట్రేలూ బెల్టు మీద వరుసగా వస్తుంటే ఎంగిలి దులిపి యంత్రంలోకి తోయడం నా పని, అవతలి చివర ఆవిర్లు కక్కుతూ వచ్చే వాటిని తీసి పేర్చడం ఒక అమెరికన్ కుర్రాడి పని. ఆ గదిలో అల్మరా మీద ఒక టేప్ రికార్డరు ఉండేది. ఏ పాట పెట్టాలన్న అధికారం సీనియారిటీని బట్టి అతనిదే.

అతను పెట్టే పాటలు మొదటి రెండు వారాలూ నాకు యంత్రం చప్పుడులో భాగంగానే వినిపించాయి. మూడో వారంలో ఒక రోజు యంత్రం ఆగిపోయి, బాగుచేసేవాడు వచ్చేలోగా మేమిద్దరం తడి ఏప్రాన్లతో కూర్చున్నప్పుడు, ఆ హోరు లోపల ఒక రాగం ఉందని మొదటిసారి తెలిసింది. నేను తెనాలిలో ఆరేళ్లు వయొలిన్ నేర్చుకుని, పదో తరగతి కాగానే దాన్ని అటకెక్కించి ఎంసెట్ కోచింగుకు వెళ్లిపోయినవాణ్ని. వేలికి పట్టు పోయినా చెవి ఇంకా పూర్తిగా చెడలేదు. డ్రమ్స్ పరుగు చూస్తే వెనక కుక్కలు తరుముతున్నట్టు ఉంది, పాడేవాడి వరుస మాత్రం పెరట్లో బట్టలారేస్తూ కూనిరాగం తీసుకునే మనిషిదిలా తేలికగా, ఒక్కసారి వింటే నోటికి వచ్చేంత తియ్యగా ఉంది. ఈ రెంటినీ ఒకే పాటలో కట్టిపడేయడాన్ని పాప్ పంక్ అంటారని ఆ కుర్రాడు చెప్పాడు. బ్యాండు పేరు డిసెండెంట్స్. ఆ తర్వాత అతను నా చదువు సంగతి అడిగి, నేను చెప్పింది విని, నవ్వి, "ఈ పాడేవాడు కూడా మీ బాపతే, జీవశాస్త్రంలో డాక్టరేటు చేశాడు" అన్నాడు. నేను నమ్మలేదు.

ఇంకో మాట కూడా నేను నమ్మలేదు. ఆ సెప్టెంబరులో కొత్తగా వచ్చిన వాళ్ల ఆల్బమ్‌ను ఈ ఊళ్లోనే రికార్డు చేశారనీ, బ్యాండులో ముగ్గురు ఈ ఊళ్లోనే ఉంటారనీ అతను అన్నప్పుడు, మన దగ్గర ప్రతి ఊళ్లోనూ ఫలానా హీరో మా వీధిలోనే అద్దెకుండేవాడని చెప్పే పెద్దమనిషి ఒకడుంటాడు కదా, ఇతనూ ఆ కోవలోనివాడే అనుకున్నాను. అతను నాకు అరవై నిమిషాల క్యాసెట్టు ఒకటి రికార్డు చేసి ఇచ్చాడు. ఒక వైపు 1982 నాటి ఆల్బమ్, రెండో వైపు ఆ నెలలోనే విడుదలైన కొత్తది. క్యాసెట్టు తిప్పి వేస్తే పద్నాలుగేళ్లు గడిచిపోయేవి. గొంతు అదే, డ్రమ్స్ కొట్టేవాడూ అతనే, కానీ మధ్యలో ఏం జరిగిందన్నది నాకు ముక్కలు ముక్కలుగా, చాలా ఏళ్ల మీద తెలిసింది.

లాస్ ఏంజెలెస్‌కు దక్షిణాన సముద్రపు ఒడ్డున మాన్‌హాటన్ బీచ్, హెర్మోసా బీచ్ అనే ఊళ్లు ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. 1977 ప్రాంతంలో అక్కడ ఫ్రాంక్ నవెట్టా అనే కుర్రాడు మొదలుపెట్టిన ఈ బ్యాండులో బిల్ స్టీవెన్సన్ డ్రమ్స్‌కు, టోనీ లొంబార్డో బేస్ గిటారుకు కుదిరారు. ఫ్రాంక్, బిల్ స్కూలు పిల్లలు. చేపల వేట వాళ్లకు సంగీతంతో సమానమైన పిచ్చి. టోనీ వాళ్లకంటే దాదాపు ఇరవై ఏళ్లు పెద్ద, తపాలా శాఖలో ఉత్తరాలు పంచే ఉద్యోగి. తనలో సగం వయసున్న పిల్లలతో కూర్చుని ఇంత వేగంగా తీగలు మీటిన ఆ తపాలా ఉద్యోగి అంటే నాకు మొదటి నుంచీ ప్రత్యేకమైన అభిమానం. 1979లో వాళ్లు వేసిన మొదటి చిన్న రికార్డులో నేను విన్న ఆ పాడేవాడు లేడు. మీరా కోస్టా హైస్కూలులో వాళ్లతో చదివిన మైలో ఆకర్‌మన్ అనే కళ్లద్దాల కుర్రాడు 1980లో పాడటానికి చేరాకే ఆ బ్యాండుకు దాని అసలు గొంతు దొరికింది. ఆ మరుసటి ఏడాది వచ్చిన రికార్డులో పాటలు అయిదు, అన్నీ కలిపినా అయిదు నిమిషాలు నిండవు. దాని నిండా తిండి, చేపలు, అమ్మానాన్నల మీద విసుగు. కాఫీ పిచ్చి కూడా అప్పటి నుంచే ఉంది. మత్తుమందులతో మునిగితేలుతున్న ఆనాటి పంక్ రాక్ సంగీత లోకంలో కాఫీని పట్టుకు వేలాడిన వాళ్లు వీళ్లు, గుంటూరు జిల్లావాడిగా ఆ విషయంలో నాకు ఏ అభ్యంతరమూ కనిపించలేదు.

1982లో పెద్ద రికార్డు తయారయ్యే నాటికి మైలో సాన్ డియాగోలో జీవశాస్త్రం చదవడానికి వెళ్లాలని నిర్ణయించుకున్నాడు. ఇలాంటి సందర్భంలో మన ఇళ్లలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. వయొలిన్ పెట్టె మీద పాత దుప్పటి కప్పుతూ మా నాన్నగారు "చదువు అయ్యాక మళ్లీ నేర్చుకోవచ్చులేరా" అన్నారు, ఆ మాట అబద్ధమని మా ఇద్దరికీ తెలుసు. ఆ బ్యాండువాళ్లు మాత్రం ఆ వెళ్లిపోవడాన్నే రికార్డుకు పేరుగా పెట్టేశారు: 'మైలో గోస్ టు కాలేజ్'. అట్ట మీద నిలువుగీతల్లాంటి జుట్టు, చతురస్రపు కళ్లద్దాలు, మెడలో టై ఉన్న ఒక కార్టూన్ బొమ్మ. స్కూల్లో మైలోను ఏడిపించడానికి తోటి విద్యార్థి గీసిన బొమ్మల నుంచి వచ్చిన రూపం అది. వెక్కిరింపుగా పుట్టిన బొమ్మ ఆ తర్వాత నలభై ఏళ్లుగా ఆ బ్యాండుకు గుర్తుగా నిలిచింది, ఎంతోమంది చేతుల మీద పచ్చబొట్టుగా కూడా. ఆ రికార్డులో పదిహేను పాటలు కలిపి ఇరవై రెండు నిమిషాలు. మా గదిలో ఒక విడత ట్రేలు పూర్తయ్యేలోగా ఆ వైపు అయిపోయేది.

ఆ రికార్డులో అన్నీ నాకు నచ్చాయని చెప్పను. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్ల కోపం అన్ని దిక్కులకూ పోతుంది. అందులో కొన్ని మాటలు అప్పుడే ఇబ్బందిగా అనిపించాయి, ఇప్పుడు మా అమ్మాయి ముందు పెట్టడానికి మనసొప్పదు. అయినా ఇంట్లో మంచి పిల్లాడిగా, బయట ఎవరికీ పట్టని పిల్లాడిగా బతికిన వయసును అంత సూటిగా, అంత పొదుపుగా చెప్పిన పాటలను నేను వేరే ఏ భాషలోనూ వినలేదు.

ఆ రికార్డును వేసింది న్యూ అలయన్స్ అనే చిన్న సంస్థ. మినిట్‌మెన్ అనే మరో బ్యాండుకు చెందిన డి. బూన్, మైక్ వాట్ ఒక స్నేహితుడితో కలిసి దాన్ని నడిపేవారు. అంటే పాడేవాళ్లే సాటి పాటగాళ్ల రికార్డులు అచ్చువేసి అమ్మేవారన్నమాట. మన చిన్న పత్రికల సంగతి తెలిసినవారికి దీన్ని వివరించనక్కర్లేదు. కవి తన సంపుటిని తనే అచ్చువేయించుకుని, సంచిలో మోసుకుని, సభ బయట బల్ల మీద పరిచి అమ్ముకున్నట్టే అక్కడా జరిగింది. సొమ్ము రాదు, పేరు నెమ్మదిగా వస్తుంది, కానీ ఏ పాట ఉంచాలో ఏది తీసేయాలో చెప్పే యజమాని ఉండడు. ఆ తర్వాత ఎస్.ఎస్.టి., ఎపిటాఫ్, ఫ్యాట్ రెక్ కార్డ్స్ అంటూ సంస్థలు మారినా, డిసెండెంట్స్ పేరుతో వచ్చిన స్టూడియో ఆల్బమ్ ఏదీ పెద్ద కంపెనీల గడప తొక్కలేదు.

మైలో వెళ్లిపోయాక మిగిలినవాళ్లు చెదిరిపోయారు. బిల్ బ్లాక్ ఫ్లాగ్ బ్యాండులో డ్రమ్స్‌కు వెళ్లాడు. ఫ్రాంక్ తన వాయిద్య సామగ్రినంతా తగలబెట్టి, ఆరిగన్ రాష్ట్రానికి వెళ్లి చేపలు పట్టే వృత్తిలో పడ్డాడు. ఎందుకు తగలబెట్టాడని నేను చాలాసార్లు ఆలోచించాను. అటకెక్కించిన వాయిద్యం ఇంట్లో ఎప్పుడూ ఒక మూల నుంచి చూస్తూనే ఉంటుంది కాబట్టి, అతని పద్ధతే మేలేమోనని ఒకప్పుడు అనిపించేది. 1985లో మైలోతో కలిసి మళ్లీ ఒక ఆల్బమ్ చేసి ఊళ్లు తిరగాలని నిర్ణయించుకున్నప్పుడు టోనీ తన తపాలా ఉద్యోగాన్ని వదలలేనని తప్పుకున్నాడు. దీన్ని ఏ తెలుగువాడూ తప్పుపట్టడు. తర్వాత రెండేళ్లలో గిటారుకు స్టీఫెన్ ఎగర్టన్, బేస్ గిటారుకు కార్ల్ అల్వరెజ్ వచ్చారు, వాళ్లిద్దరూ ఈనాటికీ ఉన్నారు. 1987లో 'ఆల్' అనే ఆల్బమ్ చేసి, దేశమంతా తిరిగి, మైలో మళ్లీ చదువుకు వెళ్లిపోయాడు, ఈసారి డాక్టరేటుకు.

ఇక్కడ బిల్ చేసిన పని ఆ బ్యాండు చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. డిసెండెంట్స్ అన్న పేరు మీద మరో పాటగాణ్ని నిలబెట్టి ఊళ్లు తిరగడం వ్యాపారంగా ఎంతో తేలిక. అతను అలా చేయలేదు. ఆ పేరును పక్కన పెట్టి, మిగిలిన ముగ్గురూ ఆల్బమ్ పేరునే కొత్త బ్యాండుకు పెట్టుకుని, 'ఆల్' పేరుతో వేరే పాటగాళ్లను పిలుచుకున్నారు. తొమ్మిదేళ్లలో ముగ్గురు పాటగాళ్లు మారారు. ఆ రికార్డులు పాత పేరంత అమ్ముడుపోలేదు, పాత పేరు పెట్టి ఉంటే పోయేవని వాళ్లకు తెలియకుండా ఉండదు. ఈ ఆల్ అనే బ్యాండు మాత్రం 1995లో ఒకే ఒక్కసారి ఇంటర్‌స్కోప్ అనే పెద్ద కంపెనీ ద్వారా ఆల్బమ్ వేసింది, ఆ ముచ్చట ఒక్క ఆల్బమ్‌తోనే తీరింది. మిసూరీలో బ్రూక్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో కొన్నాళ్లు ఉండి, 1994లో ఫోర్ట్ కాలిన్స్‌కు మారి, అక్కడ 'బ్లాస్టింగ్ రూమ్' అనే సొంత స్టూడియో కట్టుకున్నారు.

సరిగ్గా అదే కాలంలో, 1994లో, గ్రీన్ డే అనే బ్యాండు ఆల్బమ్ ఒకటి పెద్ద కంపెనీ ద్వారా వచ్చి ప్రపంచమంతా అమ్ముడుపోయింది. వెనకాలే ఆఫ్‌స్ప్రింగ్, కొన్నేళ్లకు బ్లింక్-182 వచ్చాయి. వేగమైన తాళానికి తియ్యని వరుస జోడించే ఆ పద్ధతికి దారి వేసినవాళ్లలో డిసెండెంట్స్ ముందువరుసలో ఉన్నారని ఆ తరం బ్యాండ్లు బాహాటంగానే చెప్పుకున్నాయి. పంట కోతకు వచ్చే వేళకు విత్తినవాడు పొలంలో లేడు, మాడిసన్‌లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పోస్ట్ డాక్టరల్ పరిశోధన అంటూ ప్రయోగశాలలో ఉన్నాడు. అతను కొంతకాలం ఆ పని ఆపి, 1996లో ఫోర్ట్ కాలిన్స్‌కు వచ్చి, ఆ స్టూడియోలో 'ఎవ్రీథింగ్ సక్స్' పాడాడు. పాత సభ్యులు ఫ్రాంక్, టోనీ కూడా ఒకటి రెండు పాటలకు చేయి వేశారు. నా క్యాసెట్టులో రెండో వైపు అదే. గిన్నెల గది కుర్రాడు అక్షరం పొల్లుపోకుండా నిజమే చెప్పాడు. నేను ఆ ఊరు వదిలిన తర్వాత, ఒక పాత సీడీల దుకాణంలో ఆ ఆల్బమ్ కొని, అట్ట లోపలి చిన్న అక్షరాల్లో ఫోర్ట్ కాలిన్స్ అన్న పేరు చూసి, కారులో చాలాసేపు అలాగే కూర్చున్నాను. రెండేళ్లు ఆ ఊళ్లో సైకిలు మీద తిరిగి, ఆ స్టూడియో ఏ వీధిలో ఉందో ఒక్కసారి కూడా వెతకలేదు. మా ప్రపంచమల్లా ల్యాబ్, గిన్నెల గది, ఆదివారం డెన్వర్ వెళ్లి తెచ్చుకునే కందిపప్పు.

పర్యటన ముగించుకుని మైలో యథాప్రకారం సైన్సుకు వెళ్లిపోయాడు, డెలవేర్‌లో డూపాంట్ కంపెనీలో మొక్కల జన్యువుల మీద పరిశోధకుడిగా. ఈ సంగతి నాకు పాటల ద్వారా తెలియలేదు. 2003 చివర్లో, నేను అప్పటికి ఒక విత్తనాల సంస్థలో పనిచేస్తూ, పంట పూతకు వచ్చే కాలాన్ని ముందుకు జరపడం గురించి చదువుతున్నాను. ఆ ఏడాది 'ప్లాంట్ సెల్' పత్రికలో వచ్చిన ఒక వ్యాసాన్ని మా బృందంలో అందరూ చదవాలని పై అధికారి పంచిపెట్టారు. అరబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్కలో, అతి చిన్న ఆర్.ఎన్.ఏ. ముక్క ఒకటి కొన్ని జన్యువుల నోరు నొక్కి మొక్క ఎప్పుడు పూయాలో, పువ్వులో ఏ భాగం ఎక్కడ ఏర్పడాలో ఎలా శాసిస్తుందో అందులో చూపించారు. దాని మోతాదు పెంచితే మొక్క ముందే పూతకొస్తుంది. జంతువుల్లోనూ మొక్కల్లోనూ ఈ చిన్న ఆర్.ఎన్.ఏ.ల పని అప్పుడప్పుడే తెలుస్తున్న రోజులవి. వ్యాసం రాసినవారు ఇద్దరు, ఆకర్‌మన్, సకాయ్. మొదటి పేరు దగ్గర నా చూపు ఆగింది. అది సాధారణంగా వినిపించే ఇంటిపేరు కాదు. సంస్థ పేరు డూపాంట్, ఊరు డెలవేర్‌లోది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి క్యాసెట్టు వెతికి తీశాను. మా రంగంలో ఆ వ్యాసాన్ని ఈ రోజుకీ ఉదహరిస్తారు. సమావేశంలో నేను దాన్ని వివరిస్తున్నప్పుడు, "ఈయన పాడతాడు కూడా" అని చెప్పాలని నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పలేదు. ఎవరు నమ్ముతారు?

ఆ మరుసటి ఏడాది, 2004లో, వాళ్ల కొత్త ఆల్బమ్ 'కూల్ టు బి యు' వచ్చింది. మైలో సెలవులో వచ్చి రెండేళ్ల ముందే పాడి వెళ్లిన పాటలవి. నేను దాన్ని విడుదలైన వారంలోనే కొన్నాను, కొత్త ఆల్బమ్‌ను సమయానికి కొనడం నాకు అదే మొదలు. నడివయసు, తల్లిదండ్రుల పోక, ఇంటి బాధ్యతలు అందులోకి వచ్చాయి. అయితే డ్రమ్స్ మాత్రం పాత పరుగే. బిల్ స్టూడియో అప్పటికి రైజ్ అగెయిన్‌స్ట్ లాంటి ఎన్నో బ్యాండ్లకు రికార్డింగు కేంద్రమైంది, అతని జీవనాధారం చాలావరకు అదే. పాట మీద బతకకుండా పాటను బతికించుకోవడానికి ఒకడికి ప్రయోగశాల, మరొకడికి స్టూడియో, ఇంకొకడికి తపాలా సంచి. స్వతంత్ర బ్యాండు అంటే కంపెనీకి తలవంచకపోవడం ఒక్కటే అనుకునేవాణ్ని. అద్దె కట్టడానికి పాటను అడగకపోవడం అందులో పెద్ద భాగమని వీళ్ల లెక్కలు చూశాకే బోధపడింది.

2008లో ఫ్రాంక్ చనిపోయాడు. 2010లో బిల్ మెదడులో గడ్డ బయటపడి, శస్త్రచికిత్స జరిగింది. కోలుకున్న అతను ఆ ఏడాది చివర్లో ఆస్టిన్‌లో జరిగిన ఉత్సవంలో మళ్లీ వాయించాడు. అప్పటి నుంచి శని, ఆదివారాల్లో కచేరీలు చేసుకుంటూ, సోమవారానికి ఎవరి పనికి వాళ్లు చేరుకుంటూ కొన్నేళ్లు నడిపారు. 2016లో మైలోకు కంపెనీలో ఉద్యోగం పోయింది. యాభై దాటిన వయసులో అతను మొదటిసారి పూర్తికాలపు పాటగాడయ్యాడు, అదే ఏడాది మరో ఆల్బమ్ 'హైపర్‌కాఫియం స్పాజినేట్' వచ్చింది. పేరు చూస్తే ల్యాబ్‌లో గాజుసీసా మీది చీటీలా ఉంటుంది. మా సంస్థలోనూ ఆ రోజుల్లోనే జనాన్ని తగ్గించారు, నేనూ అందులో ఉన్నాను. నాకు మాత్రం వేచి ఉన్న బ్యాండు ఏదీ లేదు. మరో విత్తనాల సంస్థలో చేరాను.

ఆ తర్వాత ఒకే ఒక్కసారి వాళ్లను డెన్వర్‌లో ప్రత్యక్షంగా చూశాను. నలభై దాటినవాళ్లూ, వాళ్ల పిల్లలూ సమానంగా ఉన్న జనం. వేదిక మీద నెరిసిన జుట్టు, కళ్లద్దాలు, వీపున నీళ్ల సంచీతో మైలో, పద్దెనిమిదేళ్లప్పుడు రాసుకున్న పాటను శ్వాస తీసుకునే చోటు కూడా వదలకుండా పాడాడు. పాట పూర్తికాగానే చేయి నడుముకు ఆనించి నిలబడ్డాడు. నాకు నవ్వు వచ్చింది, గొంతులో ఏదో అడ్డం కూడా పడింది. పక్కనున్న మా అమ్మాయి చెవుల్లో దూది పెట్టుకుని, "నాన్నా, ఇందులో ట్యూన్ ఉంది" అంది.

2021లో వచ్చిన ఆల్బమ్ పేరు 'నైన్త్ అండ్ వాల్‌నట్'. లాంగ్ బీచ్‌లో ఆ రెండు వీధులు కలిసే చోట ఉన్న గదిలో వాళ్లు తొలినాళ్లలో సాధన చేసేవారు. అందులోవి దాదాపు అన్నీ 1977 నుంచి 1980 మధ్య నాటి పాటలు, ఎక్కువభాగం ఫ్రాంక్, టోనీ కట్టినవి, అప్పట్లో ఆల్బమ్‌గా రాకుండా మిగిలిపోయినవి. 2002లో ఫ్రాంక్, టోనీ, బిల్ కలిసి వాటి వాయిద్యాల భాగాన్ని రికార్డు చేసి ఉంచారు. మైలో గొంతు ఇవ్వకుండానే పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఈలోగా ఫ్రాంక్ పోయాడు. 2020లో కరోనా లాక్‌డౌన్‌లో కచేరీలన్నీ ఆగిపోయినప్పుడు, మైలో ఆ పాటలకు తన గొంతు కలిపాడు. గిటారును తగలబెట్టి వెళ్లిపోయిన మనిషి మళ్లీ గిటారు పట్టి వాయించింది అందులో ఉంది, అతను లేనప్పుడు అతని స్నేహితుడు పాడిందీ ఉంది. డెబ్బై అయిదు దాటిన టోనీ, ముప్పయ్యేళ్ల వయసులో కట్టిన తన పాటలు దుకాణంలోకి రావడం చూశాడు.

అది విడుదలైన రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక, మా డిష్‌వాషర్ పాడై ఉండటంతో, సింకు నిండా ఉన్న గిన్నెల ముందు నిలబడి ఫోన్‌లో ఆ ఆల్బమ్ పెట్టుకున్నాను. పద్దెనిమిది పాటలు, పాతిక నిమిషాలకు అటూ ఇటూ. ప్రెషర్ కుక్కరు మూత దగ్గరికి వచ్చేసరికి అయిపోయింది. చెయ్యి తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి పెట్టాను.